పోటీల్లో ఓడిన మా ఫొటోలు
(వేదిక వార్షిక సభలో ఫొటోగ్రఫీ బృందం తరఫున చేసిన ప్రసంగం)



ఇవాళ సెలవు. బట్టలు ఉతుక్కోవడం, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోవడం, ఇంటికి తీరిగ్గా ఫోన్ చేసుకోవడం అన్నీ వదిలేసి వచ్చారు. పొద్దున బీమా గురించి, జీతం బకాయి పడితే ఎక్కడికెళ్లాలన్నదాని గురించి పనికొచ్చే మాటలు విన్నారు. ఇప్పుడు ఫొటోల పోటీల గురించి మమ్మల్ని మాట్లాడమన్నారు. "గెలిచినోళ్లను పిలవాలె గని, ఓడినోళ్లను పిలుస్తరా?" అని మా గదిలోనే ఒకాయన నవ్వాడు. నవ్వనీయండి. గెలిచినవాడికి ఎందుకు గెలిచాడో చాలాసార్లు తెలియదు. మేము ఎందుకు ఓడామో మాత్రం మాకు బాగా తెలుసు, ఎందుకంటే పదే పదే ఓడాం.

మేము ఏడుగురం. ముగ్గురిది కట్టడం పని, ఒకరు ఏసీ మెకానిక్, ఒకరిది క్లీనింగ్ కంపెనీ, ఒకరు డెలివరీ బైకు నడుపుతారు. కోనసీమ నుంచి వచ్చిన ఒక అక్క ఇళ్లల్లో పని చేస్తుంది. అందరికీ కలిపి కెమెరా ఒక్కటే, అదీ షార్జాలో కొన్న సెకండ్ హ్యాండ్‌ది. మిగతావన్నీ ఫోన్లు. నాలుగేళ్లుగా పోటీలకు ఫొటోలు పంపుతున్నాం. మొదటి మూడేళ్లలో ఒక్కదానికీ ఏమీ రాలేదు. బహుమతి మాట అటుంచి, "మీ ఫొటో తర్వాతి రౌండుకు వెళ్లింది" అన్న మెయిల్ కూడా రాలేదు. "పాల్గొన్నందుకు ధన్యవాదాలు" అనే మెయిల్ మాత్రం మాకు కంఠతా వచ్చేసింది.

ఓడినప్పుడల్లా మొదట్లో నెపం ఫోన్ మీద పెట్టేవాళ్లం. మంచి ఫోన్ ఉంటే మన తడాఖా చూపిద్దుమన్నట్టు మాట్లాడుకునేవాళ్లం. మాలో ఒక తమ్ముడు నిజంగానే వాయిదాల మీద ఖరీదైన ఫోన్ కొన్నాడు. మూడు నెలలు ఇంటికి పంపే డబ్బు తగ్గింది. అమ్మ ఏమీ అనలేదు గానీ, పెళ్లాం అడిగింది. ఆ ఫోన్‌తో తీసిన ఫొటోలు కూడా ఓడాయి. అందుకని ముందే చెబుతున్నాం, పోటీ కోసం ఫోన్ మార్చకండి. జేబులో ఉన్నదాని లెన్సును ముందు శుభ్రంగా తుడవండి. సైటు దుమ్ము, చెమట, జేబులోని నూలు పీచు అంతా ఆ చిన్న గాజు మీదే చేరుతుంది. మా ఫొటోల్లో సగం మసకగా ఉండడానికి కారణం అదే అని తెలియడానికి మాకు ఏడాది పట్టింది.

ఇంకా సిగ్గుపడే సంగతులు ఉన్నాయి, అవి తొందరగా చెప్పేస్తాం. మొదటి ఏడాది మా ఫొటోలన్నీ ఒకరి దగ్గరికి వాట్సాప్‌లో చేర్చి, ఆయన అక్కడి నుంచి పోటీకి ఎక్కించేవాడు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో చిన్నదైపోతుంది. పోటీవాళ్లు పొడవు వైపు ఇన్ని పిక్సెళ్లు ఉండాలని రాస్తారు. మావి అందులో సగం కూడా లేవు. అంటే జడ్జి కంటపడకుండానే పక్కకు పోయాయి. పంపేటప్పుడు "డాక్యుమెంట్" అని ఎంచుకుంటే ఫొటో ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. రెండో ఏడాది ఆ తప్పు దిద్దుకున్నాం. ఈసారి ఫొటో మూల మీద ఇంటిపేరుతో సహా మా పేర్లు బంగారు రంగులో వేసుకున్నాం, ఎవరైనా దొంగిలిస్తారని భయం. ఫొటో మీద పేరు, గుర్తు, అంచు ఏదీ ఉండకూడదని నిబంధనల్లో నాలుగో వాక్యంలోనే ఉంది. నిబంధనలు ఇంగ్లీషులో ఉన్నాయి కాబట్టి మేము చదవలేదు. డేటా ఎంట్రీ చేసే ఒక తమ్ముణ్ణి పిలిచి టీ ఇప్పిస్తే పావుగంటలో చదివి చెప్పాడు. ఏ తేదీ తర్వాత తీసిన ఫొటో కావాలి, రంగుల్లోనా నలుపు తెలుపులోనా, ఒక్కరు ఎన్ని పంపొచ్చు, అన్నీ అందులోనే ఉన్నాయి. వీసా కాగితం చదవకుండా విమానం ఎక్కి వచ్చి పడ్డ బాధలు మనలో చాలామందికి తెలుసు. మళ్లీ అదే పని చేశాం.

ఈ తప్పులన్నీ దిద్దుకున్నాక కూడా మూడో ఏడాది ఓడాం. అప్పుడు మనసు విరిగింది. ఇద్దరు మానేస్తామన్నారు. ఖల్లీవల్లీ, మనకెందుకు ఈ ఫొటోలు, పన్నెండు గంటలు పనిచేసి వచ్చి నిద్ర పోకుండా, అన్నారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు. ఆ సమయంలో ఒక ఫొటోగ్రఫీ క్లబ్బులో చాలా ఏళ్లు జడ్జిగా పనిచేసిన ఒక పెద్దాయన మాకు పరిచయమయ్యాడు. మన దేశం వాడే, మన భాష కాదు. ఒక శుక్రవారం సాయంత్రం ఆయన ముందు మా ఫొటోలు పన్నెండు ప్రింట్లు వేయించి బల్ల మీద పరిచాం.

పదకొండు ఫొటోలు ఆయన ఒక్క నిమిషంలో పక్కన పెట్టేశాడు. మాకు కోపం వచ్చింది. బుర్జ్ ఖలీఫా మీద మెరుపులు, ఎడారిలో ఒంటెలు, క్రీక్‌లో అబ్రా పడవ వెనక సూర్యాస్తమయం. మెరుపు కోసం ఒక తమ్ముడు రాత్రంతా జాగారం చేశాడు. ఆ పెద్దాయన చెప్పింది ఇదీ: "ఇవి బాగున్నాయి. ఇలాంటివే ఇంకా బాగున్నవి ప్రతి పోటీకీ వందల్లో వస్తాయి. మంచి కెమెరా, హోటల్ ముప్పయ్యో అంతస్తులో గది ఉన్నవాళ్లు పంపుతారు. వాళ్లతో అక్కడ మీరు పోటీ పడలేరు. మీరు నిలబడే చోట వాళ్లు నిలబడలేరు కదా, అక్కడి నుంచి ఏం కనిపిస్తుంది?"

పన్నెండో ఫొటో దగ్గర ఆయన ఆగాడు. అది మేము లెక్కకు సరిపోవడానికి పెట్టింది. మా క్యాంపులో గది తలుపు ముందు వరండా. ఎనిమిది జతల సేఫ్టీ బూట్లు, సిమెంటు పట్టి బూడిద రంగులోకి మారినవి. వాటి మధ్య ఒక జత తెల్లటి కొత్త బూట్లు, ఇంకా లేసులు కూడా కట్టలేదు. మరునాడు ఊరికి పోయే అన్నవి అవి. ఆరేళ్ల తర్వాత పోతున్నాడు. ఆ తమ్ముడు దాన్ని ఏదో నవ్వులాటకు తీశాడు. పోటీకి పంపుదామని ఎవరికీ తట్టలేదు. మన బూట్లలో ఏముందని?

"ఇది ఎందుకు పంపలేదు?" అని అడిగాడాయన. మా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆయనే ప్రింటు కుడి మూల మీద వేలు పెట్టాడు. అక్కడ ఎర్ర బకెట్టు, చీపురు సగం సగం కనిపిస్తున్నాయి. చూసేవాడి కన్ను ముందు ఎర్ర బకెట్టు మీదికే పోతుంది. ఒక్క అడుగు ఎడమకు జరిగినా, బకెట్టు తీసి పక్కన పెట్టినా ఇది బహుమతి ఫొటో అన్నాడు. మళ్లీ తీద్దామంటే ఆ తెల్ల బూట్లు అప్పటికే మెట్‌పల్లి చేరుకున్నాయి. వాటిని వేసుకునే ఆ అన్న బతుకమ్మ చూసొచ్చాడట.

అంచు కత్తిరించి పంపాం. కత్తిరిస్తే ఒక జత బూట్లు కూడా పోయాయి. అయినా నాలుగేళ్లలో మాకు వచ్చిన మొదటి మంచి మెయిల్ ఆ ఫొటోకే. చివరి జాబితా దాకా వెళ్లింది, అక్కడ ఆగిపోయింది.

ఆ రోజు నుంచి మా పద్ధతి మారింది. ఫొటో తీయడం కన్నా ఎంచుకోవడం మీద ఎక్కువ సమయం పెడుతున్నాం. నెలకు ఒక్కొక్కరు పదిహేను ఫొటోలు ప్రింటు వేయిస్తాం, మామూలు పోస్టుకార్డు సైజులో. దేరాలో ఒక దుకాణంలో చవగ్గా వేస్తారు. గదిలో మంచం పక్క గోడకు టేపుతో అంటిస్తాం. రెండు వారాలు అలా ఉంచుతాం. రోజూ పడుకునే ముందు, లేచాక కంటపడతాయి. మొదటి రోజు అదిరిపోయిందనుకున్నది నాలుగో రోజుకు వెగటు పుడుతుంది. ఏమీ లేదనుకున్నది పదో రోజు కూడా చూడాలనిపిస్తుంది. ఆ రెండోది పంపాలి.

ఇక్కడొక చిట్కా ఉంది. గదిలో వాళ్లను "బాగుందా?" అని అడగకండి. మనవాళ్లు మంచివాళ్లు, బాగుందనే అంటారు. వాట్సాప్ స్టేటస్ పెడితే మేనమామ కూతురు కూడా గుండె గుర్తు పంపుతుంది. వాళ్లు చూసేది ఫొటోను కాదు, మిమ్మల్ని. అందుకని "ఇందులో ముందు నీకేం కనిపించింది?" అని అడగండి. మీరు చూపాలనుకున్నది కాక "వెనక ఆ కరెంటు స్తంభం" అన్నాడంటే ఫొటో పోయినట్టే. పేరు తెలియని పక్క గది బంగ్లాదేశీ సోదరుణ్ణి అడగడం ఇంకా మేలు. అతనికి మన మొహమాటం ఉండదు. జడ్జి కూడా అలాంటివాడే. వేల ఫొటోలు వరసగా చూస్తుంటాడు, మొదటి రౌండులో మన ఫొటో అతని ముందు కొన్ని క్షణాలే ఉంటుంది. ఫోన్‌లో ఫొటోను గోరంత చేసి చూడండి. అప్పుడు కూడా విషయం తెలిసిపోవాలి.

వెలుతురు గురించి చెప్పాలంటే మనకు ఒక అదృష్టం ఉంది. మంచి వెలుతురు ఉండే వేళకు పర్యాటకులు హోటల్లో నిద్రపోతుంటారు, మనం బస్సు కోసం నిలబడి ఉంటాం. తెల్లవారుజామున క్యాంపు గేటు దగ్గర బస్సుల హెడ్‌లైట్ల వెలుగు, దుమ్ములో ఆ కిరణాలు, చేతిలో క్యారియర్లు. చలికాలం పొగమంచు పడ్డ రోజైతే ఇంక చెప్పనక్కర్లేదు. మధ్యాహ్నం ఎండలో మాత్రం తీయకండి, మొహాలు నల్లగా, ఆకాశం తెల్లగా వస్తాయి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని ఆపాలని ఇక్కడ చట్టం ఉంది కదా. ఆ విరామంలో నీడన పడుకున్న వాళ్లు, తడి తువ్వాళ్లు, నీళ్ల డబ్బాలు, నీడలో వచ్చే మెత్తని వెలుగు బాగుంటాయి. ఇంకో మాట, ఎండాకాలం ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్సు మీద ఆవిరి పడుతుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. పది నిమిషాలు ఆగాలి, అంతే. ఆ ఆవిరిలో తీసిన ఫొటోను "కళాత్మకం" అని పంపి ఓడిన చరిత్ర కూడా మాకుంది.

జూమ్ చేయకండి, దగ్గరికి నడవండి. మొహాన్ని తెల్లగా నున్నగా చేసే బ్యూటీ మోడ్ ఆపేయండి. ఒకటి తీసి జేబులో పెట్టుకోవద్దు, అటు ఇటు జరిగి పది తీయండి. ఎర్ర బకెట్టును గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. దీని గురించి మాలో మేమే గొడవ పడ్డాం, రెండు నెలలు మాట్లాడుకోలేదు కూడా.

మనం నిలబడిన చోటి నుంచే ఫొటోలు తీయాలన్నాం. మరి అక్కడ ఉండేది ఎవరు? మనవాళ్లే. రెండేళ్ల క్రితం మాలో ఒకరు ఒక ఫొటో తీశారు. రాత్రి, క్యాంపు మెట్ల మీద ఒక అన్న కూర్చుని వీడియో కాల్‌లో మాట్లాడుతూ ఏడుస్తున్నాడు. ఫోన్ వెలుగు మొహం మీద పడుతోంది, చుట్టూ చీకటి. ఆ ఫొటో చూసి అందరం నోట మాట లేకుండా ఉండిపోయాం. ఇదే మన ఫొటో, ఇదే గెలుస్తుందనుకున్నాం. ఆ పోటీ విషయం కూడా "దూరం". గడువు ఇంకా మూడు రోజులే ఉంది.

కొందరం అడగకుండానే పంపేద్దామన్నాం. ఆయనకు తెలియదు, పోటీ వేరే దేశంలో, ఎవరు చూస్తారు అన్నాం. కోనసీమ అక్క ఒప్పుకోలేదు. "మీ చెల్లెలు ఏడుస్తుంటే ఎవడో ఫొటో తీసి ఊరందరికీ చూపిస్తే ఊరుకుంటారా?" అంది. చివరకు వెళ్లి ఆయనకు చూపించాం. ఆయన చాలాసేపు చూశాడు. "మస్తుగుంది గని, వద్దు తమ్మీ" అన్నాడు. ఎందుకో చెప్పాడు. ఆ రోజు ఆయన కూతురికి బాగాలేదని కబురు వచ్చింది. ఇంట్లో మాత్రం "నేనిక్కడ ఖుషీగా ఉన్న" అనే చెబుతుంటాడు. ఈ ఫొటో ఏదో ఒక దారిన ఊరికి చేరితే ఆ అబద్ధం బయటపడుతుంది. అంతే. ఆయన ముందే ఫొటో తీసేశాం, ఫోన్లోంచీ, బ్యాకప్‌లోంచీ. గుండె కోసినట్టయింది. కూతురు కోలుకుంది, ఇప్పుడు డిగ్రీ చదువుతోంది.

ఇందులో మర్యాద ఒక ఎత్తు, చట్టం ఇంకో ఎత్తు. ఈ దేశంలో 2021లో వచ్చిన 34వ నంబరు ఫెడరల్ చట్టం 44వ అధికరణం ప్రకారం, ఒప్పుకోలు లేకుండా ఫోన్‌తో ఇతరుల ఫొటో తీసి, దాచి, పంచి వాళ్ల ఏకాంతానికి భంగం కలిగిస్తే 6 నెలలకు తగ్గని జైలు, లేదా 1,50,000 నుంచి 5,00,000 దిర్హాముల దాకా జరిమానా, లేదా రెండూ. బహిరంగ స్థలమైనా సరే. మన జీతాలకు ఆ అంకెలు ఎన్నేళ్ల కష్టమో మీరే లెక్క వేసుకోండి. ఆడవాళ్లను, పిల్లలను, ప్రమాదంలో పడ్డవాళ్లను అసలు తీయకండి. ప్రభుత్వ భవనాలు, ఓడరేవులు, విమానాశ్రయం లోపల, పోలీసు, సైన్యం ఉన్న చోట్లు, వాటి జోలికే పోవద్దు. "నాకు తెలియదు సార్" అంటే అక్కడ వినరు.

సైటు సంగతి వేరే చెప్పాలి. మాలో ఒకరి దగ్గర స్కాఫోల్డింగ్ మీద నిలబడ్డ ఒక తమ్ముడి ఫొటో ఉంది. వెనక ఉదయించే సూర్యుడు, మనిషి నీడలా ఉన్నాడు. చాలా గొప్పగా ఉంది. కానీ దాన్ని పెద్దది చేసి చూస్తే బెల్టు కొక్కెం దేనికీ తగిలించి లేదు. ఫొటో బయటికి వస్తే ఏమవుతుంది? కంపెనీకి జరిమానా పడొచ్చు. కంపెనీ ఊరుకుంటుందా? పడేది ఆ తమ్ముడి మీద, ఫోర్‌మన్ మీద, తీసినవాడి మీద. ఆ ఫొటో ఇప్పటికీ పంపలేదు. అయితే ఒక పని చేశాం. ఆ తమ్ముడికి చూపించి, కొక్కెం తగిలించకుండా ఎందుకు ఎక్కావని కూర్చోబెట్టి మాట్లాడాం. తొందరలో రోజూ అలాగే ఎక్కుతున్నానని ఒప్పుకున్నాడు. ఇప్పుడు తగిలిస్తున్నాడు. అది ఏ పోటీలోనూ లెక్కలోకి రాదు గానీ మాకు లెక్కే. సైటులో తీయాలంటే ముందు ముదీర్ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఇవ్వకపోతే వదిలేయండి. క్యాంపు వంటగది, బస్సు స్టాపు, ఇస్త్రీ దుకాణం, మన పండుగలు, ఇంకా బోలెడు ఉన్నాయి. వాటిలోనూ మనుషుల మొహాలుంటే అడిగే తీయాలి.

ఒప్పుకోలు కోసం మేము ఒక చిన్న కాగితం తయారు చేశాం. ఒక వైపు తెలుగు, ఇంకో వైపు ఇంగ్లీషు. "ఈ ఫొటోలో ఉన్నది నేనే, పోటీకి పంపడానికి, ప్రదర్శించడానికి ఒప్పుకుంటున్నాను" అని సంతకం. ఫొటో చూపించాకే సంతకం అడుగుతాం, ముందు కాదు. చదువు రానివాళ్లకు పైకి చదివి వినిపిస్తాం. చాలా పెద్ద పోటీల్లో గెలిచాక ఇలాంటి కాగితం అడుగుతారు కూడా. ఎప్పుడో ఊరికి వెళ్లిపోయిన మనిషిని అప్పుడు వెతకలేం.

కోరుట్లలో పుట్టిన బండి రాజన్ బాబు గారి పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఆదివాసీల ఫొటోలతో దేశమంతటా పేరు తెచ్చుకున్నారు, 2011లో పోయారు. ఆ చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇక్కడికి వచ్చినవాళ్లు ఈ హాల్లో ఎంతమందో. ఆయన ఫొటోలు ఒకసారి వెతికి చూడండి. మనుషులు కెమెరాను నమ్మినప్పుడు మొహం ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది. దొంగచాటుగా తీస్తే ఆ మొహం రాదు.

డబ్బు విషయానికొస్తే మా సలహా సూటిగా ఉంటుంది. ఫీజు కట్టే పోటీలకు పోవద్దు, కనీసం మొదటి రెండేళ్లు. ఫొటోకు ఇరవై, ముప్పై డాలర్లు అడిగేవాళ్లున్నారు. కొందరు ముందు ఉచితమంటారు, తర్వాత "మీరు ఎంపికయ్యారు, సర్టిఫికెట్టుకు, పుస్తకానికి ఇంత కట్టండి" అని మెయిల్ పెడతారు. మాలో ఒకరు కట్టారు. సర్టిఫికెట్టు వచ్చింది, అందులో పేరు తప్పు. ఉచితంగా పంపగలిగే మంచి పోటీలు ఉన్నాయి. ఈ దుబాయిలోనే 2011లో మొదలైన షేక్ హమ్దాన్ పేరిట ఉన్న అంతర్జాతీయ అవార్డు, హిపా అంటారు, దానికి ఫీజు లేదు, ఏ దేశంవాళ్లైనా పంపొచ్చు. అయితే ప్రపంచంలోని హేమాహేమీలు దానికి పంపుతారు, కాబట్టి అక్కడ ఓడిపోయామని కుమిలిపోనక్కర్లేదు. మాల్స్, క్లబ్బులు, మన సంఘాలు పెట్టే చిన్న పోటీలతో మొదలుపెట్టండి. హక్కుల గురించి రాసిన భాగం తప్పకుండా చదివించుకోండి. "పంపిన ప్రతి ఫొటోనూ మేము ఎప్పటికీ, దేనికైనా, ఉచితంగా వాడుకుంటాం" అని ఉంటే అది పోటీ కాదు, ఫొటోలు ఊరికే పోగేసుకునే ఎత్తు.

ఎడిటింగ్ గురించి రెండు మాటలు. వెలుగు కొంచెం పెంచడం, వంకరగా ఉన్నది సరిచేయడం, అంచు కత్తిరించడం చాలా పోటీల్లో ఒప్పుకుంటారు. లేనిది చేర్చడం, ఉన్నది చెరపడం ఒప్పుకోరు. ఆ ఎర్ర బకెట్టును యాప్‌తో చెరిపేద్దామని మాకూ బుద్ధి పుట్టింది. 2009లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంవాళ్ల వన్యప్రాణి ఫొటో పోటీలో గేటు మీదుగా దూకుతున్న తోడేలు ఫొటోకు మొదటి బహుమతి ఇచ్చారు. అది అడవి తోడేలు కాదు, మచ్చిక చేసినది అయ్యుంటుందని తర్వాత జడ్జీలు తేల్చి బహుమతి వెనక్కి తీసుకున్నారు. తీసినాయన కాదన్నాడు, వాళ్లు వినలేదు. 2023లో సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ అవార్డుల్లో ఒక విభాగంలో గెలిచిన జర్మన్ ఫొటోగ్రాఫర్, అది కృత్రిమ మేధతో చేసిన బొమ్మ అని తనే చెప్పి బహుమతి వద్దన్నాడు. అప్పటి నుంచి అందరికీ అనుమానమే. చివరి రౌండులో అసలు ఫైలు పంపమంటారు. అందుకే ఫోన్ నిండిందని అసలు ఫొటోలు తీసేయకండి. ఒక మెమరీ కార్డు కొని, ఏ ఏడాదివి ఆ ఏడాది దాచండి. ఇల్లు కడితే రసీదులు దాచుకుంటాం కదా, అట్లే.

ఫొటోకు పేరు, కింద రాసే రెండు వాక్యాలు కూడా పని చేస్తాయి. మేము "కన్నీటి సంద్రం", "ఆశల వారధి" అని పెట్టేవాళ్లం. ఇంగ్లీషులోకి మారిస్తే అవి ఎవరికీ అర్థం కాలేదు. ఇప్పుడు ముందు తెలుగులో ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాం. ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది. బూట్ల ఫొటో కింద రాసింది ఇంతే: "దుబాయి, కార్మికుల క్యాంపు. కొత్త బూట్లు ఆరేళ్ల తర్వాత రేపు ఊరికి వెళ్లే మనిషివి." దాన్ని ఆ డేటా ఎంట్రీ తమ్ముడే ఇంగ్లీషులో పెట్టాడు.

మరి ఇంత చేస్తే గెలిచారా అని అడుగుతారు. పోయిన ఏడాది ఒక క్లబ్బు పోటీలో రెండు ఫొటోలు ప్రదర్శనకు ఎంపికయ్యాయి. ఒక చిన్న పోటీలో కోనసీమ అక్క తీసిన ఫొటోకు మూడో బహుమతి వచ్చింది. తను పని చేసే ఇంట్లో, ఆ ఇంటివాళ్ల అనుమతితో తీసింది. ఇస్త్రీ బల్ల, మడిచిన తెల్ల కందూరాల దొంతర, పక్కన కిటికీ వెలుగులో తన గాజుల చెయ్యి. మనిషి మొహం లేదు. ఆ ఇంటి మేడమ్ ఆ ప్రింటును హాల్లో పెట్టించుకుంది. బహుమతిగా వచ్చిన వోచరుతో అక్క ట్రైపాడ్ కొంది, అది మా ఏడుగురికీ ఉమ్మడి ఆస్తి. ఇక మిగిలినవన్నీ ఓడాయి.

ఓడిన వాటికి మా దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. ఏ ఫొటో, ఏ పోటీ, ఎవరు ఏమన్నారు, ఏమైంది, నాలుగు గళ్లు. ఒక చోట ఓడిన ఫొటో ఇంకో చోట ఎంపికయింది, ఆ రెండింట్లో ఒకటి అలాంటిదే. కాబట్టి ఒక్క పోటీలో ఓడిందని ఫొటోను చెత్తలో వేయం. మూడు చోట్ల ఓడితే మాత్రం గోడ మీద నుంచి తీసి పెట్టెలో పెడతాం. వాయిదాల ఫోన్ తమ్ముడు ఆ నోట్‌బుక్ రాస్తాడు. ఫోన్ బాకీ మార్చిలో తీరింది.

టీ తర్వాత వెనక బల్ల దగ్గర మేము కూర్చుంటాం. నోట్‌బుక్, ఒప్పుకోలు కాగితాల నమూనా రెండూ అక్కడే ఉంటాయి. మీ ఫోన్లో మూడు ఫొటోలు ఎంచుకుని రండి, మూడే. బుర్జ్ ఖలీఫాది ఉంటే అది నాలుగోది కింద చూస్తాం. బాగుందని మాత్రం అనం. ముందు ఏం కనిపించిందో చెబుతాం. మా నంబరుకు పంపాలనుకునేవాళ్లు దయచేసి డాక్యుమెంట్‌గానే పంపండి.